వణుకు కళ్లకి కనిపిస్తోంది, మరి రక్తపరీక్షలో ఎందుకు దొరకట్లేదు?

ఈసారి ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల, పార్కిన్సన్స్‌కి బ్లడ్ టెస్ట్ వచ్చేసిందట కదా అని. రీసెర్చ్ ల్యాబుల్లోకి వచ్చింది, మీ డాక్టర్ చీటీ మీదికి ఇంకా రాలేదు. అంత చిన్న మాట చెప్పి ఊరుకుంటే మీరు ఊరుకోరు కాబట్టి కొన్ని ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగానే రాస్తున్నా.

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా నాన్నగారికి 64 ఏళ్లు. ఏడాదిగా కుడిచెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా వణుకుతోంది. న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే వేళ్లు ఆడించమన్నారు, నడవమన్నారు, చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పారు, పావుగంటలో పార్కిన్సన్స్ అని మందు రాసేశారు. షుగర్‌కైనా రక్తం తీస్తారు కదండీ, ఇంత పెద్ద జబ్బు రక్తం చుక్క కూడా చూడకుండా ఎలా చెప్తారు? నమ్మొచ్చా?

జవాబు: మీ అనుమానం సహజమే, చీటీ మీద ఒక నంబర్ కనిపిస్తే గానీ మనకి జబ్బు ఖాయం అయినట్టు అనిపించదు. కానీ ఆ పావుగంటలో ఆయన చేసిందే అసలు పరీక్ష. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టర్ 1817లో ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడు కూడా ఆరుగురిని చూసే రాశాడు, అందులో కొందరినైతే వీధిలో నడుస్తుంటే చూశాడంతే. ఇప్పుడు మేం వాడే 2015 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు కూడా కదలికల చుట్టూనే తిరుగుతాయి. కదలిక నెమ్మదించడం తప్పనిసరిగా ఉండాలి, దాంతోపాటు కదపకుండా ఉన్నప్పుడు వచ్చే వణుకో, కీళ్ల దగ్గర బిగుసుకుపోవడమో, రెండింట్లో ఒకటన్నా ఉండాలి. బొటనవేలూ చూపుడువేలూ టకటకా కొట్టమన్నది అందుకే, మామూలు మనిషి కొడుతూనే ఉంటాడు, ఈ జబ్బున్నవాళ్లకి పోనుపోను వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతుంది, మధ్యలో తడబడుతుంది, అది చూసేవాళ్లకి తెలుస్తుంది. వణుకు ఒక్కటే ఉండి నెమ్మదితనం లేకపోతే అది పార్కిన్సన్స్ అని అనం. చాలామందికి వచ్చేది వేరే రకం వణుకు, గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు వచ్చేది.

మరి పొరపాటు జరగదా అంటే జరుగుతుంది, దాచి లాభం లేదు. మనిషి పోయాక మెదడుని పరీక్షించి సరిచూసిన పాత స్టడీలన్నీ కలిపి 2016లో లెక్కేస్తే, డాక్టర్లు చెప్పింది సుమారు 80 శాతం మందిలోనే కరెక్ట్ అని తేలింది. మొదటి ఒకట్రెండేళ్లలో తప్పే అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే బ్లడ్ టెస్ట్ కోసం ఇంత ఆరాటం. అప్పటిదాకా మాకున్న మంచి పరీక్ష ఏంటంటే కాలమే, మందుకి ఎలా స్పందిస్తున్నారు, ఆరునెలల తర్వాత ఎలా ఉన్నారు అని చూడ్డం.

అయితే రక్తం అసలు తీయనక్కర్లేదని కాదు. అది పార్కిన్సన్స్‌ని పట్టుకోడానికి కాదు, దానిలాగే నటించేవాటిని పక్కకి తప్పించడానికి. థైరాయిడ్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి, కాబట్టి అది చూస్తారు. వయసు చిన్నదైతే, నలభై లోపు అనుకోండి, రాగి ఒంట్లో పేరుకుపోయే విల్సన్ జబ్బు కోసం రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ చూడాల్సిందే, ఎందుకంటే దానికి మందు ఉంది, వదిలేస్తే నష్టం. ఇంకోటి రక్తంతో పని లేనిది, మీ నాన్నగారు వాడే మందుల సంచీ మొత్తం డాక్టర్ ముందు కుమ్మరించండి. కళ్లు తిరగడానికి వాడే సినరిజిన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లూనరిజిన్, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇవి అచ్చం పార్కిన్సన్స్‌లాంటి లక్షణాలే తెప్పిస్తాయి. నెలల తరబడి వాడేసి, ఆ విషయం ఎవరూ అడక్క, కొత్త జబ్బు పేరు తగిలించుకున్నవాళ్లని నేను చూశాను. మీ అంతట మీరు ఆపెయ్యకండి, అడిగి ఆపండి, ఆపినా లక్షణాలు తగ్గడానికి నెలలు పట్టొచ్చు.

ప్రశ్న: నమస్కారం సార్. నాకు 58. వణుకు గట్రా ఏం లేదు. కానీ నిద్రలో అరుస్తానట, తంతానట, ఒకసారి మంచం మీంచి కింద పడ్డాను, మా ఆవిడ వేరే గదిలో పడుకుంటోంది. వాసనలు కూడా సరిగ్గా తెలియట్లేదు. ఏడేళ్ల ముందే పార్కిన్సన్స్ చెప్పేసే రక్తపరీక్ష ఉందని చదివాను. చేయించుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ, ఎందుకంటే ఇందులో రక్తపరీక్ష కంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది.

ముందు మీరు చదివిన వార్త సంగతి. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, జర్మనీలోని గోటింగెన్ వాళ్లు కలిసి చేసిన పని అది. రక్తంలో 8 ప్రొటీన్లు ఎంచుకుని, వాటి హెచ్చుతగ్గుల్ని కంప్యూటర్‌కి నేర్పించి, సరిగ్గా మీలాంటి నిద్ర సమస్య ఉన్న 72 మంది రక్తం ఇచ్చి చూస్తే, వాళ్లలో 79 శాతం మంది రక్తం పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల రక్తంలాగే ఉందని చెప్పింది. తర్వాత ఏళ్ల తరబడి గమనిస్తే అందులో కొంతమందికి జబ్బు బయటపడింది కూడా, కొందరిలో పరీక్షకీ లక్షణాలకీ మధ్య ఏడేళ్ల వరకు గ్యాప్ ఉంది. మంచి పనే, కాదనను. కానీ పేపర్లో హెడ్డింగ్ చూసి రోడ్డు మీద వెళ్లే ఎవరికైనా చెప్పేస్తుందనుకుంటే పొరపాటు, వాళ్లు తీసుకున్నవాళ్లే ఆల్రెడీ రిస్క్ ఎక్కువున్నవాళ్లు, పైగా సంఖ్య తక్కువ.

లెక్క ఒకటి వేసి చూపిస్తా, కాగితం మీద మీరూ వేసుకోండి. అరవై దాటిన వాళ్లలో ఈ జబ్బు సుమారు నూటికి ఒకరికి. ఏ లక్షణాలూ లేని అలాంటి 1000 మందిని పిలిచి, 95 శాతం కరెక్ట్‌గా చెప్పే టెస్ట్ చేశామనుకోండి, అంత మంచి టెస్ట్ ఉందనే అనుకుందాం. జబ్బున్న పదిమందిలో తొమ్మిదీ పదిమందిని పట్టుకుంటుంది. బావుంది కదా, కానీ జబ్బులేని 990 మందిలో 5 శాతం అంటే యాభై మందికి కూడా ఉందని చెప్తుంది. మొత్తం అరవై మంది ఏడుస్తూ ఇంటికెళ్తే అందులో యాభై మంది ఏడుపు దండగ. టెస్ట్ చెడ్డదై కాదు, జబ్బు అరుదు కాబట్టి. అందుకే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఎవరైనా 'పార్కిన్సన్స్ రిస్క్' అని ఒక లైన్ కలిపితే ఆ లైన్ కొట్టేయమనండి.

మీ విషయం వేరు. కలలో చేసేది ఒళ్లు కూడా చేసేయడం, అంటే కలలో ఎవడో తరుముతుంటే మీరు నిజంగానే తన్నడం, దాన్ని ఆర్‌బీడీ అంటాం. మామూలుగా కలలొచ్చే నిద్రలో మన కండరాలకి మెదడు తాళం వేస్తుంది, ఇక్కడ ఆ తాళం పడదు. 2019లో ఎన్నో దేశాల సెంటర్లు కలిసి ఈ నిద్ర జబ్బున్న 1280 మందిని వెంబడించి చూస్తే 12 ఏళ్లలో దాదాపు 73 శాతం మందికి పార్కిన్సన్స్‌లాంటి జబ్బో, మతిమరుపు జబ్బో వచ్చింది. కంగారు పడమని చెప్పట్లేదు, కానీ ఈ సంఖ్య ముందు ఇప్పుడున్న ఏ రక్తపరీక్షా నిలబడదు. మీ ఆవిడ చెప్పిన మాటే మీకు దొరికిన పెద్ద బయోమార్కర్, అంటే జబ్బు ఆనవాలు, ఆవిడ ల్యాబ్ వాళ్లకంటే ముందే చెప్పేసింది.

కాబట్టి చేయాల్సింది స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రని యంత్రాలతో గమనించే పరీక్ష. గురకతో ఊపిరి ఆగే జబ్బులో కూడా మనిషి ఎగిరిపడతాడు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా ఇలాంటి నిద్ర తెప్పిస్తాయి, ఇవి రెండూ కాదని తేలాలి. మంచం పక్కన గాజువీ మొనదేలినవీ తీసేయండి, పరుపు కిందికి దించండి. వ్యాయామం మొదలెట్టండి. జబ్బు రాకుండా ఆపే మందు ఇవాళ్టికి లేదు, అదొక్కటి ఉండుంటే పై లెక్కంతా పక్కనపెట్టి రేపే పరీక్ష చేయించుకోమనేవాణ్ణి.

ప్రశ్న: సార్, నేను బయోటెక్ స్టూడెంట్‌ని. అల్జీమర్స్‌కి 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బ్లడ్ టెస్ట్‌కి అనుమతి ఇచ్చింది. పార్కిన్సన్స్‌కి వెన్ను నీటితో టెస్ట్ చేస్తున్నారు, చర్మంతో చేస్తున్నారు, రక్తం దగ్గరికొచ్చేసరికి ఏంటి ప్రాబ్లం?

జవాబు: శభాష్, ఇదే అసలు ప్రశ్న. దీనికి కాస్త ఎక్కువ జాగా తీసుకుంటా, మిగతా పాఠకులు ఓపిక పట్టాలి.

పార్కిన్సన్స్‌లో దొంగ ఎవరో మనకి తెలుసు, ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్. 1912లో లెవీ అనే ఆయన మెదడు కణాల్లో ఉండలు చూశాడు, ఆ ఉండల్లో ఉన్నది ఈ ప్రొటీనే అని తేలడానికి 1997 దాకా పట్టింది. మామూలుగా అది పని చేసుకునే ప్రొటీనే, మడత తప్పితే మాత్రం పక్కవాటిని కూడా చెడగొడుతుంది. పుకారులాగ అనుకో. ఒకడు పుట్టిస్తాడు, విన్నవాడు ఇంకోడికి చెప్తాడు, సాయంత్రానికి ఊరంతా అదే. సీడ్ యాంప్లిఫికేషన్ అనే టెస్ట్ ఈ గుణాన్నే వాడుకుంటుంది. గొట్టంలో మంచి సిన్యూక్లిన్ బోలెడు పోసి, అందులో పేషెంట్ వెన్ను నీరు కొంచెం కలిపి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కుదుపుతారు. ఆ నీటిలో చెడ్డ మడత ఏ కొంచెం ఉన్నా మంచివాటిని కూడా తనలా మార్చేస్తుంది, మారినవాటికి అంటుకుని మెరిసే రంగు ఒకటి ముందే వేసి పెడతారు, వెలుగొచ్చిందంటే పాజిటివ్. 2023లో 1123 మంది మీద చేసిన స్టడీలో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో సుమారు 88 శాతం మందిని పట్టుకుంది, వాసన పోయినవాళ్లలో అయితే ఇంచుమించు అందరినీ. కానీ ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జీన్ తేడా వల్ల వచ్చినవాళ్లలో మూడో వంతు మంది నెగెటివ్, అంటే జబ్బు పేరు ఒకటే అయినా లోపల జరిగేది ఒకటే కాదేమో అని శాస్త్రవేత్తలు తల గోక్కుంటున్నారు.

ఇప్పుడు రక్తానికి వద్దాం. రక్తంలో ఆల్ఫా సిన్యూక్లిన్ లేకపోవడం కాదు సమస్య, విపరీతంగా ఉండటం. రక్తంలో ఉన్న సిన్యూక్లిన్‌లో 99 శాతానికి పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది, దానికీ మెదడుకీ ఏ సంబంధమూ లేదు. మెదడు నుంచి వచ్చేది అందులో గుప్పెడు కూడా కాదు. రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా పడక కొన్ని ఎర్రకణాలు పగిలాయనుకో, గొట్టం ఎక్కువసేపు బల్ల మీద ఉండిపోయిందనుకో, నంబర్ అమాంతం పెరిగిపోతుంది, పేషెంట్‌ది కాదు అది, సూది గుచ్చినవాడి రిజల్ట్. అందుకే ఒకాయన పెరిగింది అంటాడు, ఇంకొకాయన తగ్గింది అంటాడు, మూడోఆయన తేడా లేదంటాడు, ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తపు నీరు, అందులోని సిన్యూక్లిన్ మీద పేపర్లు చదివితే నీకే తెలుస్తుంది. అల్జీమర్స్‌లో వెతికే పీటావ్217 అనే ప్రొటీన్‌కి ఈ బెడద లేదు, ఎర్రకణాలు దాన్ని ముంచెత్తవు, వాళ్లు గట్టెక్కడానికి అదొక కారణం.

దీనికి చుట్టుదారులు వెతుకుతున్నారు. ఒకటి, కణాలు బయటికి వదిలే బుల్లి సంచుల్ని, వాటినే వెసికిల్స్ అంటారు, పట్టుకుని అందులో మెదడు కణాల నుంచి వచ్చినవాటిని మాత్రమే ఏరడం. ఏరడానికి ఎల్1క్యామ్ అనే గుర్తుని కొక్కెంలా వాడారు, ఫలితాలు బాగానే వచ్చాయి, తీరా 2021లో ఇంకో టీమ్ ఆ గుర్తు అసలు సంచుల మీద ఉండట్లేదు, విడిగా తేలుతోంది అని చూపించేసరికి పెద్ద రగడ అయింది. నా మటుకు నాకు ఆ కొక్కెం తేలేదాకా ఆ ఫలితాల మీద పూర్తి గురి కుదరదు. రెండోది, 2023లో జపాన్‌లోని జుంటెండో యూనివర్సిటీ వాళ్లది, సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే నీరు) లోంచి చెడ్డ సిన్యూక్లిన్‌ని యాంటీబాడీతో ముందు లాగేసి, తర్వాత పైన చెప్పిన పుకారు టెస్టే పెట్టారు. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే ఎంత ఉంది అని కాకుండా మడత తప్పిందా లేదా అని అడుగుతోంది, ఎర్రకణాల గోల చాలావరకు తప్పుతుంది. పైగా పార్కిన్సన్స్‌లో వచ్చిన సిన్యూక్లిన్ పోగుల ఆకారమూ, దానిలాగే కనిపించే ఎంఎస్ఏ అనే ఇంకో జబ్బులో వచ్చినవాటి ఆకారమూ వేరుగా కనిపించాయి.

చర్మం టెస్ట్ అన్నావు కదా, మెడ వెనక, తొడ కింది భాగం, చీలమండ పైన, మూడుచోట్ల చిన్న ముక్కలు తీస్తారు. 2024లో 428 మందిలో చూస్తే పార్కిన్సన్స్ వాళ్లలో దాదాపు 93 శాతం పాజిటివ్, ఏ జబ్బూ లేనివాళ్లలో 3 శాతం. బాగుంది, కానీ ఎంఎస్ఏ వాళ్లలో 98 శాతం పాజిటివ్. అంటే ఇంట్లో దొంగ పడ్డాడని చెప్పింది గానీ ఏ దొంగో చెప్పలేదు.

ప్రశ్న: మా అక్కకి మూడేళ్ల క్రితం పార్కిన్సన్స్ అన్నారు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా మందు డోసు పెంచుతూనే ఉన్నారు, ఏం గుణం లేదు. మొదటి ఏడాది నుంచే వెనక్కి పడిపోతోంది, మెట్లు దిగేటప్పుడు కిందికి చూడలేకపోతోంది. రక్తంలో డీడీసీ అనీ ఎన్‌ఎఫ్‌ఎల్ అనీ టెస్టులు ఉంటాయట, అవి చేయిస్తే ఏమైనా తెలుస్తుందా?

జవాబు: అమ్మా, టెస్టుల మాట తర్వాత, మొదట మీ అక్కని కదలికల జబ్బులు ప్రత్యేకంగా చూసే న్యూరాలజిస్ట్‌కి చూపించండి, ఆలస్యం చేయకండి. తొలి ఏడాదే పడిపోవడం, అదీ వెనక్కి, చూపు కిందికి దిగకపోవడం, మందుకి లొంగకపోవడం, ఈ మూడూ కలిస్తే మేం పీఎస్‌పీ అనే వేరే జబ్బుని అనుమానిస్తాం. పైకి పార్కిన్సన్స్‌లా ఉంటుంది, దారి వేరు. ఎమ్మారైలో కూడా దానికి గుర్తులుంటాయి.

ఎన్‌ఎఫ్‌ఎల్ ఇక్కడ నిజంగా కొంత పనికొస్తుంది. నరాల కణాల లోపల ఉండే సన్నటి దారపు ప్రొటీన్ అది, కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. మామూలు పార్కిన్సన్స్‌లో పెద్దగా పెరగదు, పీఎస్‌పీ, ఎంఎస్ఏ లాంటివాటిలో పెరుగుతుంది. కానీ వయసు పెరిగితే పెరుగుతుంది, కిడ్నీలు సరిగ్గా లేకపోతే పెరుగుతుంది, పక్షవాతం వచ్చినా తలకి దెబ్బ తగిలినా పెరుగుతుంది. కాలుతున్న వాసన వస్తోంది అని చెప్తుంది, ఏ గదిలో అన్నది చెప్పదు. డాక్టర్ పరీక్షకి తోడుగా అయితే సరే, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని పేరు మార్చకండి.

డీడీసీ మాత్రం మీ అక్క విషయంలో వద్దు. లెవోడోపాని ఈ జబ్బులో మెదడుకి తక్కువయ్యే డోపమైన్‌గా మార్చే ఎంజైమ్ అది, 2023లో స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు ఇది పార్కిన్సన్స్‌లో పెరుగుతుందని చూపించారు, లక్షణాలు రాకముందు కూడా. చిక్కేంటంటే లెవోడోపా మాత్రలో ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే కార్బిడోపానో బెన్సెరజైడో కలిపే ఉంటుంది, అడ్డుకునేకొద్దీ ఒళ్లు ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. మూడేళ్లు మాత్ర మింగినవాళ్లకి ఆ టెస్ట్ చేస్తే జబ్బు సంగతి కాదు, మాత్ర సంగతి తెలుస్తుంది. అది మీకు ఎలాగూ తెలుసు.

ప్రశ్న: మా తాతయ్యకి, పెదనాన్నకి ఉంది. జీన్ టెస్ట్ రక్తంతోనే చేస్తారట, చేయించుకోనా?

జవాబు: చేస్తారు, రక్తంతోనో లాలాజలంతోనో. కానీ అది జబ్బు ఉందో లేదో చెప్పదు, పుట్టినప్పటి నుంచి మీలో ఉన్న రిస్క్ చెప్తుంది. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 తేడా ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, జీబీఏ1 అనే ఇంకో జీన్‌లో తేడా ఉన్నవాళ్లలో అయితే ఎక్కువమందికి రాదు. జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడకుండా చేయించుకోకండి, వీలైతే మీకంటే ముందు మీ పెదనాన్నగారికి చేయించడం తెలివైన పని, ఆయనలో ఏమీ దొరకకపోతే మీలో దొరికేది కూడా పెద్దగా ఉండదు.

ప్రశ్న: నాకు పార్కిన్సన్స్ వచ్చి రెండేళ్లు. ఆస్పత్రిలో రీసెర్చ్ కోసం ఏడాదికోసారి రక్తం ఇమ్మంటున్నారు, రిజల్ట్ మాత్రం చెప్పరట. చెప్పనప్పుడు ఇవ్వడం ఎందుకండీ?

జవాబు: కోపం రావడం న్యాయమే. చెప్పకపోవడానికి కారణం దాపరికం కాదండీ, ఆ రిజల్ట్‌కి అర్థం ఏంటో వాళ్లకే ఇంకా తేలలేదు, తేలనిదాన్ని మీ చేతిలో పెడితే మీరు దాన్ని నమ్మేస్తారు. పైన చెప్పిన 1123 మంది స్టడీ ఎలా అయిందనుకున్నారు? పార్కిన్సన్స్ పరిశోధనకి డబ్బిచ్చే మైకేల్ జె ఫాక్స్ ఫౌండేషన్ 2010లో పీపీఎంఐ అనే పెద్ద స్టడీ మొదలుపెట్టింది, ఏటా శాంపిల్స్ తీసి గడ్డకట్టించి దాచారు. అప్పట్లో ఈ పుకారు టెస్ట్ పార్కిన్సన్స్‌కి పనికొస్తుందని ఎవరికీ తెలీదు. టెస్ట్ తయారయ్యాక ఫ్రీజర్ తెరిచారు, ఏళ్ల క్రితం ఇచ్చిన వెన్ను నీరు, ఆ తర్వాత ఆ మనిషికి ఏమైంది, రెండూ పక్కపక్కన పెట్టుకోగలిగారు. ఒకే మనిషి రక్తం ఏటా ఉంటే దాని విలువ అది, ఒక్కసారి ఇచ్చినదానికి అంత ఉండదు.

ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇచ్చేట్టయితే సంతకం పెట్టేముందు ఫారంలో నాలుగు సంగతులు వెతకండి: శాంపిల్ ఎన్నేళ్లు దాస్తారు, మధ్యలో మానుకుంటే దాన్ని పారేస్తారా, జీన్స్ కూడా చూస్తారా, రేపు చికిత్సకి పనికొచ్చేది ఏదైనా బయటపడితే అప్పుడైనా మీకు చెప్తారా. నాలుగోది రాసి లేకపోతే రాయించండి. ఇంకోటి, రక్తం ఇచ్చే రోజు మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో వాళ్లు అడక్కపోయినా చెప్పండి, డీడీసీ సంగతి చదివారు కదా.